విశాఖపట్నంలో శరత్కాల విహారం

విశాఖపట్నంలో శరత్కాల విహారం అనగా ఆశ్వయుజ, కార్తీక మాసాలలో, అంటే దసరా సెలవులు మొదలుకొని దీపావళి దాటేవరకు, కుటుంబాలు, విద్యార్థులు ఈ నగరంలోని ఉద్యానాలు, సాగరతీరం, ప్రదర్శనశాలలు, సమీపంలోని జాతరలు చూడడానికి చేసే యాత్ర. పాశ్చాత్య దేశాలలో ఇదే కాలంలో, అక్టోబరు 31న, హాలోవీన్ పండుగ వస్తుంది. అక్కడి వినోద ఉద్యానాలు ఆ నెలంతా దయ్యాల కొంపలు, ముసుగు వేషాలతో భయపెట్టే ప్రదర్శనలు ఏర్పాటు చేస్తాయి. ఆ స్థాయి వినోద ఉద్యానం విశాఖపట్నంలో లేదు. కొండమీది ఉద్యానం, సముద్రతీరం, జలాంతర్గామి, జంతుప్రదర్శనశాల, ఊరి మైదానాలలో వెలసే ఎగ్జిబిషన్లు ఇక్కడ ఆ స్థానాన్ని తీసుకున్నాయి. బంగాళాఖాతంలో తుపానులు పుట్టే కాలం కూడా ఇదే కావడం వలన, ఈ విహారానికి ముందుచూపు ఎక్కువగా అవసరం.

కాలనిర్ణయం

హాలోవీన్ తేదీ మారదు. దసరా, దీపావళి చాంద్రమాన తిథులను అనుసరిస్తాయి కాబట్టి ప్రతి యేడూ మారుతాయి. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు. అందువలన పండుగలు యేటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతాయి. రెండున్నర నుండి మూడేళ్ళకొకసారి అధికమాసం వచ్చి వాటిని మళ్ళీ వెనుకకు నెడుతుంది. 2024లో విజయదశమి అక్టోబరు 12న, దీపావళి సరిగ్గా హాలోవీన్ నాడు, అక్టోబరు 31న వచ్చాయి. 2025లో విజయదశమి అక్టోబరు 2న, దీపావళి అక్టోబరు 20న వచ్చాయి. 2026లో అధిక జ్యేష్ఠ మాసం ఉన్నందున విజయదశమి అక్టోబరు 20కి, దీపావళి నవంబరు 8కి జరిగాయి. పోయిన సంవత్సరపు తేదీని పట్టుకొని రైలు టిక్కెట్లు కొనేవారు సాధారణంగా ఇక్కడే పొరబడతారు. ముందుగా పంచాంగం, తరువాత పాఠశాలల సెలవుల ప్రకటన చూసుకొనడం మేలు.

దసరా రోజులలో నగరానికి బెంగాలు, ఒడిషా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల నుండి కూడా యాత్రికులు పెద్దసంఖ్యలో వస్తారు. దుర్గాపూజ సెలవులలో అరకులోయకు, బొర్రా గుహలకు వెళ్ళే బెంగాలీ కుటుంబాలకు విశాఖపట్నమే మజిలీ. రద్దీ ఇష్టపడనివారికి విజయదశమి దాటిన తరువాత, దీపావళికి ముందు వచ్చే పనిదినాలు అనుకూలం.

హాలోవీన్‌కు ఇక్కడి ఆచారాలకు పోలికలు

ఇటీవలి సంవత్సరాలలో నగరంలోని కొన్ని హోటళ్ళలోను, ప్రైవేటు పాఠశాలలలోను హాలోవీన్ వేషాలు కనిపిస్తున్నాయి. ఇది ఇక్కడ పుట్టిన పండుగ కాదు. అయినా, అందులోని ముఖ్యాంశాలు ఉత్తరాంధ్రకు కొత్తవి కావని పెద్దలకు తెలుసు.

హాలోవీన్ మూలం ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల ప్రాచీన కెల్టిక్ పండుగ అయిన సావిన్ అని చెబుతారు. చలికాలం ప్రవేశించే ఆ రాత్రి మరణించినవారి ఆత్మలు తిరుగుతాయని అప్పటివారి నమ్మకం. తరువాత క్రైస్తవ సంప్రదాయంలో నవంబరు 1 సకల పునీతుల పండుగగాను, నవంబరు 2 మృతుల స్మరణ దినంగాను స్థిరపడ్డాయి. విశాఖపట్నంలోని కథోలిక కుటుంబాలు కూడా నవంబరు 2న సమాధులను శుభ్రపరచి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. హిందువులలో దసరాకు ముందు పక్షం పితృదేవతలది. అది మహాలయ అమావాస్యతో ముగుస్తుంది. దీపావళి అమావాస్య సాయంకాలం పితరులకు దారి చూపడానికి కాగడా చూపడాన్ని ధర్మశాస్త్ర గ్రంథాలు ఉల్కాదానం అంటాయి. ఉత్తరాంధ్ర పల్లెలలో పిల్లలు గోగుకాడలకు నూనెగుడ్డ పేలికలు చుట్టి, వెలిగించి, నేలకు కొట్టి, వెనుదిరిగి చూడకుండా ఇంట్లోకి వచ్చి మిఠాయి తింటారు. దీనిని దివిటీలు కొట్టడం అంటారు. నగరంలోని బహుళ అంతస్తుల భవనాలలో ఈ ఆచారం చాలావరకు పోయింది.

అమెరికాలో పిల్లలు ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడగడానికి దగ్గర పోలిక మన పాతకాలపు దసరా పద్యాల ఆచారం. వీధిబడి పంతులు విద్యార్థులను వెంటబెట్టుకొని వెదురు విల్లంబులతో, బుక్కాగులాలుతో ఇంటింటికీ తిరిగేవారు. పిల్లలు పద్యాలు చదివితే పంతులుకు దక్షిణ, పిల్లలకు పప్పూ బెల్లమూ దక్కేవి. చాలా వీధిబడి పంతుళ్ళకు అదే ఆ యేడాది ముఖ్య ఆదాయం కాబట్టి, ఇది పిల్లలకు వేడుకే అయినా పంతులుకు జీవనాధారం అన్న సంగతి మరువరాదు. ఇక వేషాల విషయానికి వస్తే, దసరా రోజులలో ఉత్తరాంధ్ర వీధులలో డప్పుల మోతకు ఆడే పులివేషాలను చూసి జడుసుకోని పసిపిల్లలు తక్కువ.

చూడదగిన ప్రదేశాలు

కైలాసగిరి నగరానికి ఉత్తరాన, సముద్రాన్ని ఆనుకొని ఉన్న కొండమీది ఉద్యానం. దీని విస్తీర్ణం సుమారు 380 ఎకరాలు. పూర్వం విశాఖపట్నం నగరాభివృద్ధి సంస్థ, అనగా వుడా, దీనిని అభివృద్ధి చేసింది. 2018లో ఆ సంస్థ విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థగా మారింది. 40 అడుగుల ఎత్తయిన శివపార్వతుల విగ్రహాలు, కొండను చుట్టివచ్చే చిన్న రైలు, కొండ దిగువనుండి పైకి వెళ్ళే రోప్‌వే, పూలగడియారం, సముద్రాన్ని చూడడానికి కట్టిన వేదికలు ఇక్కడి ప్రత్యేకతలు. 2025లో కొండ అంచున గాజు వంతెన కూడా చేరింది. కొండపైనుండి ఒకవైపు రామకృష్ణా బీచి, డాల్ఫిన్స్ నోస్ కొండ, మరొకవైపు ఋషికొండ వంపు కనబడతాయి. వర్షం కురిసి వెలిసిన మరునాటి ఉదయం గాలిలో దుమ్ము లేక దృశ్యం అతి స్పష్టంగా ఉంటుంది. ఈ ఒక్క కారణం చేతనే శరత్కాలంలో కైలాసగిరి వేసవికన్నా బాగుంటుందని చెప్పవచ్చును. గాలి బలంగా వీచినప్పుడు రోప్‌వే నిలిపివేస్తారు. అప్పుడు రోడ్డుమార్గం మాత్రమే శరణ్యం. దిగేటప్పుడు రోప్‌వే నడవకపోతే వృద్ధులకు ఇబ్బంది కలుగుతుంది కాబట్టి, పైకి వెళ్ళేముందే టిక్కెట్ల గదివద్ద అడిగి తెలుసుకొనాలి.

బీచి రోడ్డులోని కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల విద్యార్థులు తప్పక చూడవలసినది. సోవియట్ యూనియన్‌లో నిర్మించిన ఐ.ఎన్.ఎస్. కురుసుర 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమణ పొందింది. దీనిని ఒడ్డుకు చేర్చి 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా ప్రారంభించారు. పొడవు 91 మీటర్లు. లోపలి దారులు ఇరుకు. ఒక గదినుండి మరొక గదికి గుండ్రని ద్వారాలగుండా వంగి దాటాలి. మూసిన గదులంటే భయపడేవారు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు ముందే ఆలోచించుకొనాలి. దయ్యాల కొంపలో చీకటి చూసి కేకలు వేసే పిల్లలు, ఇన్ని పైపుల నడుమ మనుషులు వారాలతరబడి నీటికింద బ్రతికారని విన్నప్పుడు నిశ్శబ్దమైపోవడం ఉపాధ్యాయులకు అనుభవమే. దీనికి ఎదురుగా టి.యు. 142 విమానం ప్రదర్శనశాల ఉన్నది. దీనిని 2017 డిసెంబరులో ప్రారంభించారు.

ఇందిరా గాంధీ జంతుప్రదర్శనశాల కంబాలకొండ అడవిని ఆనుకొని 625 ఎకరాలలో ఉన్నది. 1977 మే నెలలో దీనిని ప్రజలకు తెరిచారు. జంతుప్రదర్శనశాలకు, జలాంతర్గామికి సాధారణంగా సోమవారం సెలవు. బీచి రోడ్డులోని వుడా పార్కు చిన్నపిల్లలకు అనువైనది.

సిరిమానోత్సవం

విశాఖపట్నానికి ఈశాన్యంగా సుమారు 60 కి.మీ. దూరంలోని విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఈ కాలపు ఉత్సవాలలో పెద్దది. విజయదశమి తరువాత వచ్చే మొదటి మంగళవారం ఇది జరుగుతుంది. మాను అనగా చెట్టు బోదె. ఒక పొడవైన చింతమానును సన్నగా చెక్కి, దానిని బండికి అమర్చి, కొన ఆకాశంలోకి లేచేలా చేస్తారు. ఆ కొనన కట్టిన పీటపై పూజారి అమ్మవారి ప్రతిరూపంగా కూర్చుంటాడు. ఈ మాను గుడికి, కోటకు మధ్య మూడుసార్లు తిరుగుతుంది. అంత ఎత్తున ఊగే పీట చూసినవారికి ఎగ్జిబిషనులోని జైంట్ వీల్ ఒక లెక్కలోనిది కాదు. 2023లో ఈ ఉత్సవం అక్టోబరు 31న, హాలోవీన్ రోజుననే జరిగింది. ఆరోజు విజయనగరంలో వాహనాలను ఊరి వెలుపలనే ఆపుతారు కాబట్టి చాలాదూరం నడవాలి. చంటిపిల్లలతో ముందువరుసలోకి వెళ్ళడం మంచిది కాదు.

తుపానులు

అక్టోబరులో నైరుతి ఋతుపవనాలు వెనుదిరుగుతాయి. బంగాళాఖాతపు నీరు అప్పటికి ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఈ కారణం చేత అక్టోబరు, నవంబరు నెలలలో బలమైన తుపానులు ఏర్పడే అవకాశం ఎక్కువ. విశాఖపట్నానికి అధిక వర్షం ఇచ్చే నెలలలో అక్టోబరు కూడా ఒకటి.

2013 అక్టోబరు 12న, దసరా నవరాత్రులలో, ఫైలిన్ తుపాను ఒడిషాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా సంవత్సరానికి, 2014 అక్టోబరు 12 ఆదివారం మధ్యాహ్నం, హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీదనే తీరం దాటింది. హుద్‌హుద్ ఒక పక్షి పేరు. దానిని సూచించిన దేశం ఒమన్. ఆనాడు గాలులు గంటకు 180 కి.మీ.కు మించి వీచాయి. విజయదశమి అయి తొమ్మిది రోజులే. మామూలు ఆదివారమైతే బీచి రోడ్డు కుటుంబాలతో నిండి ఉండవలసిన వేళ అది. కైలాసగిరి, వుడా పార్కు, కంబాలకొండ, జంతుప్రదర్శనశాలలలో వేలాది చెట్లు కూలిపోయాయి. విమానాశ్రయం దెబ్బతిని కొన్ని రోజులు మూతబడింది. నగరానికి కరెంటు, మంచినీరు రోజుల తరబడి లేవు. అక్టోబరు 23న వచ్చిన దీపావళికి, ఎండిన చెట్లకొమ్మలకు నిప్పు అంటుకొనునన్న భయంతో బాణసంచా కాల్చవద్దని అధికారులు కోరారు. ఆ యేడు ఎన్నో వీధులలో ప్రమిదలు మాత్రమే వెలిగాయి. ముందుగా హెచ్చరించి తీరప్రాంతాల ప్రజలను తరలించినందున ప్రాణనష్టం అంత తీవ్రతకు తగినంతగా లేదు.

తుపాను కన్ను అనే భాగం గురించి విద్యార్థులు తెలుసుకొనాలి. తుపాను నడిమధ్యన గాలి దాదాపు ఉండదు. ఆ భాగం ఊరిమీదకు వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడినట్లు అనిపిస్తుంది. తుపాను వెళ్ళిపోయిందని బయటకు వచ్చినవారికి, కొంతసేపటిలో వ్యతిరేక దిశనుండి అంతే బలమైన గాలి తగులుతుంది. అధికారులు ప్రకటించేవరకు గుమ్మం దాటరాదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర దాటింది. విశాఖపట్నానికి అది దూరమే అయినా, నగరంలో భారీ వర్షాలు కురిశాయి. తుపాను దారి మనవైపు లేదని యాత్ర కొనసాగించరాదని దీనివలన తెలుస్తుంది.

విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం 1974 నుండి పనిచేస్తున్నది. రేవులలో ఎగురవేసే సూచికల సంఖ్యలు వార్తాపత్రికలలో రోజూ కనబడినా, వాటి అర్థం చాలామందికి తెలియదు. ఒకటి, రెండు సంఖ్యల సూచికలు దూరాన సముద్రంలో అల్పపీడనం లేదా తుపాను ఉన్నదని చెబుతాయి. మూడు అనగా రేవుకు ఈదురుగాలుల ముప్పు ఉన్నదని. నాలుగు అనగా తుపాను రేవునే తాకవచ్చునని. ఐదు నుండి ఏడు వరకు ప్రమాదం. ఎనిమిది నుండి పది వరకు మహా ప్రమాదం. ఐదు, ఎనిమిది సంఖ్యలలో తుపాను రేవుకు ఒక పక్కనుండి, ఆరు, తొమ్మిదిలలో మరొక పక్కనుండి, ఏడు, పదిలలో రేవు మీదుగా లేక అతి సమీపంలో దాటుతుందని అర్థం. పదకొండు అనగా హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఈ సూచికలు ఓడలవారి కోసం ఏర్పడినవే. అయినను, మూడవ సూచిక ఎగిరిన రోజున బీచి విహారం మానుకొనడం, నాలుగు ఎగిరితే ఊరి ప్రయాణమే వాయిదా వేయడం వివేకం. వాతావరణశాఖ జిల్లాలవారీగా ఇచ్చే పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలను కూడా చూసుకొనాలి.

సముద్రతీరంలో జాగ్రత్తలు

తుపాను లేకున్నా ఈ కాలంలో అలలు బలంగానే ఉంటాయి. రామకృష్ణా బీచి చూడడానికి అందమైనది, స్నానానికి అపాయకరమైనది. ఒడ్డుకు వచ్చిన నీరు ఇరుకైన పాయగా సముద్రంలోకి వేగంగా తిరిగి వెళ్ళడమే ఇందుకు కారణం. ఇటువంటి పాయ ఉన్నచోట అలలు విరగవు. పక్కలకన్నా నీరు ప్రశాంతంగా కనబడుతుంది. తెలియనివారు ఆ ప్రశాంతత చూసే అక్కడ దిగుతారు. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది పాయనుండి బయటపడి, ఆ తరువాత ఒడ్డుకు రావాలి. ఈత రానివారిని కాపాడబోయి రెండవవారు, మూడవవారు మునిగిపోయిన ఘటనలు ఎన్నో. విహారానికి వచ్చిన విద్యార్థులే వీరిలో ఎక్కువగా ఉండడం విచారకరం. తాడు, ఖాళీ నీళ్ళ డబ్బా, ఏదైనా తేలే వస్తువు విసిరి, రక్షకులను పిలవాలి. ఋషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది; రక్షకులు ఉన్న హద్దులలో మాత్రమే అక్కడకూడా నీటిలో దిగాలి.

ఎగ్జిబిషన్లలో ఆటయంత్రాలు

పండుగ రోజులలో మైదానాలలో జైంట్ వీల్, ఊగే ఓడ, రంగులరాట్నం, హారర్ హౌస్ వంటివి వస్తాయి. ఇవి లారీలలో తెచ్చి కొద్దిరోజులలో బిగించినవి. వర్షానికి నేల మెత్తబడితే కాళ్ళు దిగబడతాయి, ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయి. 2019 జులైలో అహ్మదాబాదులోని కాంకరియా వద్ద లోలకంలా ఊగే యంత్రం విరిగి ప్రాణాలు పోయాయి. అది తాత్కాలిక ప్రదర్శన కాదు, స్థిరమైన ఉద్యానం. కాబట్టి ఎక్కేముందు ఒక ఆట పూర్తిగా నిలబడి చూడాలి. నడిపేవాడు ప్రతి కుర్చీ కడ్డీని చేతితో లాగి చూస్తున్నాడా, పిల్లల ఎత్తు అడుగుతున్నాడా అన్నది ముఖ్యం. వర్షం పడుతుండగాను, గాలి లేచినప్పుడును ఎక్కరాదు. చున్నీలు, పొడవైన జడలు బిగించి కట్టుకొనాలి. హారర్ హౌస్‌కు ఒకే ద్వారం ఉంటే పిల్లలను పంపకపోవడమే ఉత్తమం.

ప్రయాణ ఏర్పాట్లు

రైలు రిజర్వేషన్లు 2024 నవంబరు నుండి ప్రయాణానికి 60 రోజుల ముందు మాత్రమే తెరుచుకొంటున్నాయి. అంతకుముందు 120 రోజులు ఉండేవి. దసరా టిక్కెట్లు తెరిచిన రోజుననే నిండిపోతాయి. నగరంలో ఆర్టీసీ కాంప్లెక్సు నుండి కైలాసగిరికి 10కె, రైల్వేస్టేషను నుండి ఋషికొండ మీదుగా భీమునిపట్నానికి 900కె సంఖ్యల బస్సులు చిరకాలంగా ప్రసిద్ధి.

స్థానికుల ఇబ్బంది వేరు. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టిన బ్లాస్ట్ ఫర్నేసులను పండుగ అని ఆపరు. రేవులో ఓడ కూడా సెలవు చూసి రాదు. షిఫ్టులలో పనిచేసేవారి కుటుంబాలు పిల్లల సెలవు, తమ వారపు సెలవు కలిసే ఒక్కరోజు కోసం చూస్తారు. ఆ రోజు వాన పడితే మళ్ళీ దీపావళికే. అందువలన ఉక్కునగరంలో అనుభవజ్ఞులు రెండు తేదీలు అనుకొని ఉంచుకొంటారు: మొదటిది ఆకాశం బాగుంటే కైలాసగిరికి, రెండవది వాన పడితే జలాంతర్గామికి. బయటినుండి వచ్చేవారు కూడా తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకొని, మార్చుకొనడానికి వీలున్న బస తీసుకొంటే తుపాను హెచ్చరిక వచ్చినా తొందరపడవలసిన పని ఉండదు.

పాఠశాలల బృందాలు ప్రతి పదిమంది పిల్లలకు ఒక పెద్దను నియమించుకొని, బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, బీచి వదిలేటప్పుడు తలలు లెక్కించుకొనాలి. పిల్లవాని చొక్కాజేబులో ఉపాధ్యాయుని ఫోను నంబరు వ్రాసిన చీటీ ఉంచడం పాత పద్ధతే అయినా, చార్జింగు అయిపోయిన సెల్‌ఫోనుకన్నా నమ్మదగినది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఉంచితే తడవదు.

ఇతర వినోద ఉద్యానాలు

పెద్ద యంత్రాలున్న వినోద ఉద్యానమే కావాలనుకొనేవారు హైదరాబాదు వెళ్ళాలి. అక్కడ 1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల వద్ద తెరిచిన వండర్‌లా ఉన్నాయి. విశాఖపట్నం నుండి సాయంకాలం బయలుదేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ మరునాటి ఉదయానికి హైదరాబాదు చేరుతుంది. అమెరికాలో ఉన్న కొడుకుల, కూతుళ్ళ ఇళ్ళకు అక్టోబరులో వెళ్ళే విశాఖవాసులకు హాలోవీన్ ఉద్యానాలు చూసే అవకాశం దొరుకుతుంది. కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్ 1973లోనే ఇటువంటి రాత్రులు మొదలుపెట్టింది. ఫ్లోరిడాలోని యూనివర్సల్ స్టూడియోలో 1991 నుండి జరుగుతున్నాయి. వీటికి విడిగా టిక్కెట్టు కొనాలి, జనం చాలా ఎక్కువ, చీకటిలో ముసుగు మనిషి ఒక్కసారిగా మీదికి వస్తాడు. గుండెజబ్బు ఉన్న పెద్దలు, చిన్నపిల్లలు పగటివేళ ఉద్యానం చూసి సాయంకాలానికి ఇంటికి తిరిగి రావడం మంచిది.